మీకు తెలుసా? ఆరుద్ర పురుగు సాలీడుకు చుట్టం!

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే మన కార్తె. ఏడాదికి 27. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. తొలకరికి నేల తడిసి, చేలగట్ల మీద ఆరుద్ర పురుగులు కనిపిస్తే విత్తనాలకు అదను వచ్చిందని రైతులకు గుర్తు.

మఖమల్ గుడ్డలా ఎర్రగా మెరిసే ఈ పురుగును తాకితే కాళ్లు ముడుచుకుని బిగుసుకుపోతుంది. ఓపిగ్గా ఆగి లెక్కపెట్టండి: 8 కాళ్లు. అంటే కీటకం కాదు; సాలీడు, తేలు దీని బంధువర్గం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే గడిపి, వాన పడ్డాక తిండికి పైకొస్తుంది. రెక్కల చెదలైన ఉసుళ్లు లేచేదీ అప్పుడే, చెదలంటే దీనికి ప్రాణం మరి!

పిల్లగా ఉన్నప్పుడు మాత్రం 6 కాళ్లే. మిడతల్లాంటి పురుగులను పట్టుకుని వేలాడుతూ, వాటి ఒంట్లోని రసం పీల్చి బతుకుతుంది. చూడ్డానికి ఎంత సాధువో!