ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు – పైమట్టి సంరక్షణ: సింగరేణి నేపథ్యంలో ఒక పరిశీలన

1. ప్రవేశిక

సింగరేణి గనుల్లో 1970ల మధ్యకాలం వరకు బొగ్గు తవ్వకమంటే భూగర్భ తవ్వకమే. అక్కడక్కడ నేల కుంగినా, గనిపైన పొలం పొలంగానే మిగిలేది. ఓపెన్‌కాస్ట్ విధానం వచ్చాక పొలమే ముందుగా తొలగిపోతోంది. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ గనులను ‘బొందలగడ్డలు’ అన్నారు. ఆ మాటలో ఆవేదనతో పాటు కచ్చితమైన పరిశీలన కూడా ఉంది: గని మిగిల్చేది ఒక గొయ్యి, పక్కనే ఒక గుట్ట. ఈ రెండింటి మీద జరిగినంత చర్చ, అన్నిటికన్నా ముందు పోయే పైమట్టి మీద జరగలేదు. తవ్వకం వల్ల కలిగే నష్టాన్ని తగ్గించడంలో నిర్ణాయకమైనది ఆ పొరే.

2. గొయ్యి, గుట్ట – పరిమాణాల లెక్క

బొగ్గుపొరపై ఉండే మట్టిని, రాతిని గని కార్మికులు ఓబీ అంటారు. టన్ను బొగ్గుకు 6 ఘనపు మీటర్ల ఓబీ తీయవలసిన గనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. నేలలో టన్ను బొగ్గు ఆక్రమించే స్థలం సుమారు 0.7 ఘనపు మీటరు. కాబట్టి ఏర్పడే ఖాళీ 6.7 ఘనపు మీటర్లు. అయితే పేల్చి తీసిన రాయి వదులై ఉబ్బుతుంది. మూడు పదుల శాతం ఉబ్బిందనుకున్నా 6 ఘనపు మీటర్ల ఓబీ 7.8 అవుతుంది. అంటే బొగ్గు పోయినా, గొయ్యిని నింపడానికి కావలసిన దానికన్నా ఎక్కువే చేతిలో ఉంటుంది. అయినా గొయ్యి మిగలడానికి కారణం తవ్వకపు క్రమం. తొలి ఏళ్లలో లోపల చోటు ఉండదు కనుక ఓబీని బయటి నేలపై పోస్తారు. చివర దానిని తిరిగి మోయడం ఖర్చుతో కూడిన పని. బొగ్గు తీసిన భాగంలోకి వెనువెంటనే ఓబీని నింపుకొంటూ పోయే అంతర్గత డంపింగ్‌ను ఎంత త్వరగా ఆరంభిస్తే బయట అంత నేల మిగులుతుంది.

3. పైమట్టి

ఒక హెక్టారులో 30 సెంటీమీటర్ల పైమట్టి పరిమాణం 3,000 ఘనపు మీటర్లు. అదే హెక్టారులో 100 మీటర్ల లోతుకు తవ్వితే వెలువడేది 10 లక్షల ఘనపు మీటర్లు. మొత్తం పనిలో పైమట్టి వాటా వెయ్యింట మూడు వంతులు మాత్రమే. ఇంత స్వల్ప భాగాన్ని విడిగా ఉంచలేకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ కనిపించదు. ఘనపు మీటరు లెక్కన చెల్లించే కాంట్రాక్టులో చెలక మట్టికీ ఇసుకరాతికీ ధర ఒకటే అయితే, రెండూ ఒకే గుట్టలో కలవడం సహజం. పైమట్టి సేకరణకు, నిల్వకు, తిరిగి పరచడానికి ప్రత్యేక ధర నిర్ణయించడం ఇక్కడ అన్ని యంత్రాలకన్నా ముఖ్యం.

వేరుచేసినంత మాత్రాన పైమట్టి బతకదు. అందులో సేంద్రియ కర్బనం, వేళ్లతో సహజీవనం చేసే శిలీంధ్రాలు, గడ్డిగింజలు ఉంటాయి. ఎత్తుగా పోస్తే లోపలి భాగానికి గాలి అందక ఇవి క్రమంగా నశిస్తాయి. రెండు మూడు మీటర్లకు మించని కుప్పలుగా పోసి, జనుము, పిల్లిపెసర వంటివి చల్లి, వీలైనంత త్వరగా సిద్ధమైన డంపుపై పరచడం మేలు. నిల్వ మట్టిని ఎక్కువకాలం వాడకుండా ఉంచరాదన్న షరతు పర్యావరణ అనుమతుల్లో సాధారణంగా కనిపిస్తుంది. రేగడిని తడిగా ఉన్నప్పుడు కదిలిస్తే, డంపర్ల బరువుకు అణగి నీరు ఇంకని గట్టినేలగా మారుతుంది. ఈ సంగతి దుక్కి అదను తెలిసిన రైతుకు కొత్తది కాదు. గని పనుల పట్టికలో మాత్రం అదనుకు చోటు దొరకడం కష్టం.

డంపు వాలును 28 డిగ్రీలకు మించనీయకపోవడం, అడుగున గోడ, చుట్టూ కాలువలు, మట్టి పేరుకొనే మడుగులు కూడా అవసరమే. ఇవి కొట్టుకుపోయే మట్టిని ఆపుతాయి కానీ పోయిన సారాన్ని తిరిగి తేలేవు.

4. చట్టపరమైన స్థితి

బొగ్గు మంత్రిత్వశాఖ 2009 మార్గదర్శకాలు గని మూసివేత ప్రణాళికను, అందుకోసం ఎస్క్రో ఖాతాలో జమను తప్పనిసరి చేశాయి. ఓపెన్‌కాస్ట్ గనికి నాటి ధరల్లో హెక్టారుకు రూ. 6 లక్షలు నిర్ణయించాయి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. తవ్వకం ముగిశాక ఆ నేలలో గడ్డి పెంచి, పశుగ్రాసానికి, వృక్ష జంతుజాలానికి అనువైన స్థితికి తేవాలని ఆదేశించింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు సాధారణ మట్టిని తవ్వేందుకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదన్న 2020 మార్చి నాటి మినహాయింపును అదే న్యాయస్థానం 2024 మార్చిలో కొట్టివేసింది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి అన్న పరిమితి ఏదీ ఆ మినహాయింపులో లేదు. గనిలో అడ్డుగా తొలగించే మట్టి, రోడ్డు పనిలో సరుకవుతుంది. నేలకు మాత్రం రెండు చోట్లా నష్టం ఒకటే.

పునరుద్ధరణను నాటిన మొక్కల సంఖ్యతో చూపడం పరిపాటి. జామాయిల్ వంటి త్వరగా ఎదిగే చెట్లు రాళ్ల డంపుపైనా పచ్చగా కనిపించగలవు. పశువు మేయగల గడ్డి నిలిచిందా అన్నది ఆ సంఖ్య చెప్పదు. తవ్వకానికి ముందు ఆ నేలలో సేంద్రియ కర్బనం ఎంత, నీరు ఇంకే వేగం ఎంత, పైమట్టి మందం ఎంత అన్న కొలతలు సర్వే నంబరు వారీగా నమోదై ఉంటేనే, 2020 ఆదేశం అమలైందో లేదో తేల్చే ఆధారం ఉంటుంది. ఒకసారి బుల్డోజరు దిగాక ఆ కొలతలు తీసుకొనే అవకాశం ఉండదు.