పలుకని చిప్పు

విద్యార్థి యొకడు రాగిరేకు అంటించిన పలకపై తానే దారులు గీసి, ఆమ్లములో తినిపించి, రంధ్రములు తొలిచి, ఏటీమెగా 328పి అను మైక్రోకంట్రోలరును దానిపై సోల్డరు చేయును. కంప్యూటరునుండి ప్రోగ్రామును పంపగా ఉదయము చక్కగా ఎక్కును. సాయంకాలము అదే పలక, అదే కేబులు, అదే ప్రోగ్రాము. తెరమీద మాత్రము చిప్పు బదులు పలుకుట లేదను వాక్యము! రెండు మూడు సారులు చూచి, చిప్పు కాలిపోయినదని తలచి పెరికి పారవేయుట కద్దు. కాని కాలిన చిప్పు సామాన్యముగా ఉదయమొక తీరున, సాయంకాలమొక తీరున ప్రవర్తింపదు. అట్లు ప్రవర్తించినపుడు తప్పు దానిలో కాక దానితో మాటాడు తీరులో ఉన్నదని అనుమానింపవలెను.

ఈ సంభాషణకు ఆరు తీగలు కావలెను. ఒకటి సరఫరా, ఒకటి గ్రౌండు. రీసెట్ తీగ చిప్పును తన పని మాన్పించి వినునట్లు చేయును. మోసీ తీగపై మాట లోనికి పోవును. మిసో తీగపై బదులు వెలికి వచ్చును. ఆరవదియైన ఎస్‌సికె, భజనలో తాళమువంటిది. తాళమున కొక బిట్టు, ఎనిమిది తాళములకు ఒక బైటు.

ప్రోగ్రామరు మొట్టమొదట ఏసి, 53, 00, 00 అను నాలుగు బైట్లను పంపును. ఇవి షోడశాంశ పద్ధతిలోని అంకెలు. చిప్పు సరిగా వినినచో, మూడవ బైటు పోవుచుండగనే 53ను తిరిగి అప్పగించును. పిదప గుర్తు అడిగినచో 1ఇ, 95, 0ఎఫ్ అని చెప్పును. (పేరు చివర ‘పి’ లేని 328 ఐనచో మూడవది 14. అపుడు కంప్యూటరు ఆక్షేపించినను అది పేరులోని తేడాయే కాని లోపము కాదు.) గుర్తు చదువుటవలన చిప్పులో ఏమియు మారదు. కావున ప్రోగ్రామును ఎక్కింప యత్నించుటకు ముందు గుర్తును మాత్రమే పదిసారులు చదివించి చూడవలెను. ఎల్లపుడు 00 గాని ఎఫ్ఎఫ్ గాని వచ్చుచున్నచో తీగ తెగియుండును, లేదా చిప్పునకు క్లాకు అందుట లేదు. ఒకసారి సరిగాను ఒకసారి తప్పుగాను వచ్చుచున్నచో కారణము వేరు.

అందు మొదటిది వేగము. కర్మాగారమునుండి వచ్చిన క్రొత్త చిప్పు తన లోపలి 8 మెగాహెర్ట్‌జుల క్లాకును ఎనిమిదింట భాగించుకొని 1 మెగాహెర్ట్‌జుతో నడచును. ఎస్‌సికె వేగము ఇందులో నాల్గవవంతుకు, అనగా 250 కిలోహెర్ట్‌జులకు, లోబడి యుండవలెను. యుఎస్‌బిఆస్ప్ అను చౌక ప్రోగ్రామరు మామూలుగా వాడు వేగము 375. అది ఒకప్పుడు పనిచేసినను నమ్మదగినది కాదు. వేగము తగ్గించిన వెంటనే చిప్పు నిలుకడగా పలికినచో రోగము తెలిసినట్లే.

తగ్గించినను మారకున్నచో? ఇక్కడనే చాలమంది పొరబడుదురు. తాళము నెమ్మదించినను ఒక్కొక్క తాళపు అంచు మునుపటివలెనే వాడిగా ఉండును. పొడవైన కేబులులో ఆ అంచు చివరవరకు పోయి, గోడకు తగిలిన ధ్వనివలె వెనుకకు మరలును. వోల్టేజి పైకి క్రిందికి ఊగును. ఆ ఊగును చిప్పు రెండవ తాళముగా లెక్కించవచ్చును. ఉపాధ్యాయుడు డిక్టేషను చెప్పుచు బల్లపై ఒక్కసారి కొట్టగా, ప్రతిధ్వని విని ఒక పిల్లవాడు అదే అక్షరమును మరల వ్రాసెననుకొనుడు. అచటినుండి అతని వ్రాత అంతయు ఒక స్థానము జరిగిపోవును గదా! కేబులును జానెడుకు కురచ చేసి, ఎస్‌సికె ప్రక్కనే గ్రౌండు తీగ నడిపి, ప్రోగ్రామరు చివర సుమారు 100 ఓముల నిరోధమును శ్రేణిలో పెట్టినచో ఈ ఊగు అణగును. ఖర్చు రూపాయలలోనిదే, ఫలితము మాత్రము గొప్పది.

గుర్తు సరిగా వచ్చుచు, వ్రాసినది సరిచూచునపుడు మాత్రమే తేడాలు కనబడినచో సరఫరాను పరీక్షింపవలెను. ఇరువదియెనిమిది కాళ్ల చిప్పులో 7వ కాలికేగాక 20వ కాలికిని సరఫరా, 8, 22 కాళ్లకు గ్రౌండు ఉండవలెను. ఇంటి పలకలలో 20వ దానిని మరచుట తరచు. 0.1 మైక్రోఫారడు కెపాసిటరు కాళ్లను ఆనుకొనియే ఉండవలెను. మూరెడు దూరమున ఉన్నది అలంకారమే. మిసోపై మరియొక సెన్సారు కూడ మాటాడుచున్నచో దానికి నడుమ నిరోధము కావలెను.

ఇక నిజముగా మూగవోయినట్లు కనబడు చిప్పు. ఫ్యూజు బిట్లను మార్చి బయటి క్రిస్టలును కోరి, పలకపై దాని సోల్డరు అంటకున్నచో చిప్పునకు క్లాకే లేదు. క్లాకు లేనిదే అది వినదు. 9వ కాలికి వేరొక పరికరమునుండి 1 మెగాహెర్ట్‌జు చదరపు తరంగమును అందించి, వేగము తగ్గించి, మరల గుర్తు అడుగవలెను. పారవేయబోయిన చిప్పే అపుడు 1ఇ, 95, 0ఎఫ్ అని పలుకును. రీసెట్ కాలినే ఫ్యూజు బిట్టుతో రద్దు చేసికొన్న చిప్పునకు మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. దానికి 12 వోల్టులతో వ్రాయు వేరు పరికరము కావలెను.