పాత కథల్లో రూపాయి విలువ: పాదసూచిక పరిమితులు

పాత నవలలోని పాత్ర ఎంతో ఆవేదనతో ఒక మొత్తాన్ని ప్రస్తావిస్తుంది. తరగతిలో విద్యార్థులు నవ్వుతారు. ద్రవ్యోల్బణం ఆ అంకెలోని బరువును హరించింది. ‘నేటి విలువలో ఇంత’ అని పాదసూచిక చేర్చడం సులభమే కాని, అది మూలగ్రంథం కంటె ముందే పాతబడుతుంది. ధరను అర్థం చేసుకోవలసింది రచనలోని మరో ధరతోనో, ఆ కాలపు బతుకుతోనో పోల్చి.

‘కన్యాశుల్కం’లో సుబ్బికి కుదిరిన శుల్కం 1800 రూపాయలు. మారువేషపు కన్యకు 1200. లుబ్ధావధాన్ల ఆశ ఈ రెండింటి నడుమనున్న తేడాలోనే ఉంది. దానిని గ్రహించడానికి నేటి విలువతో పని లేదు. అంకె తీవ్రత తెలియాలంటే 1897 నాటి గురజాడ పీఠిక చూడాలి: విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్లలో నమోదైన 1034 శుల్క వివాహాలు, ఏడాది వయసు పసిబిడ్డలకు సైతం 350 నుంచి 400 రూపాయల శుల్కం. ఇంతకు మించిన పాదసూచిక ఏముంటుంది?

నాణేల సమస్య వేరు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి రావడంతో రూపాయికి పదహారణాల లెక్క పోయింది. బేడ, కానీ నిఘంటువులకు చేరాయి. పావలా చెలామణీ కూడ 2011 జూన్ 30తో ముగిసింది. అయినా ‘పావలా కోడికి ముప్పావలా మసాలా’ అన్న సామెత చెక్కుచెదరలేదు. అందులో ఉన్నది నిష్పత్తి కాబట్టి.

అసలు చిక్కు ఉన్నవ ‘మాలపల్లి’ (1922) వంటి రచనలో ఎదురవుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ధాన్యం ధర పెరిగింది. 1918లో మద్రాసు రాష్ట్రంలో ధాన్యపు దోపిడులు జరిగాయి. అటువంటి వేళ గింజల కూలికి బదులు డబ్బు కూలి ఇవ్వడమంటే, అంకె తగ్గించకుండానే కూలి తగ్గించడం. నవలలోని కూలి వివాదానికి ఇదే ఆయువుపట్టు. అణాలను నేటి రూపాయల్లోకి మార్చి చెబితే ఈ అన్యాయం కనిపించదు. ఆ డబ్బుకు ఎన్ని గింజలు వచ్చేవో చెప్పాలి. పైగా ధరలు ఎల్లప్పుడూ పెరిగాయనుకోవడమూ పొరపాటే. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర బాగా పడిపోయింది. అప్పటి అప్పు, శిస్తు అంకె మారకుండానే రైతుకు మరింత బరువయ్యాయి.

కృష్ణా డెల్టా విద్యార్థికి ఇది బోధించడం కష్టం కాదు. గుడివాడ మొదలు దివిసీమ దాకా నేటికీ కౌలు ‘ఎకరాకు ఇన్ని బస్తాలు’ అనే మాటలోనే వినిపిస్తుంది. అయితే బస్తానూ స్థిరమైన కొలబద్దగా భావించలేము. దివిసీమ కొసనున్న పాలకాయతిప్పలో చేపలు పట్టి బియ్యం కొనుక్కునే కుటుంబానికి, పైన వరి పండించి అమ్ముకునే రైతుకు ధాన్యం ధర ఒకటి కాదు. ఒకరికి అది రాబడి, మరొకరికి ఖర్చు. కనుక కథలో బస్తా ధర కనిపించినప్పుడు, అక్కడ దానిని అమ్ముతున్నది ఎవరో, కొంటున్నది ఎవరో ముందుగా చూడాలి.