పిల్లికూన కన్ను

పిల్లిపిల్లలు పుట్టునప్పుడు కన్నులు తెరువవు. రెప్పలు అతుకుకొని యుండి, ఏడు మొదలు పదునాలుగు దినములలో మెల్లమెల్లగా విడివడును. పుసి కట్టినచో తల్లి నాలుకతో నాకి శుభ్రము చేయును. తల్లిని కోల్పోయిన కూనకు ఆ పని మనుష్యులే చేయవలెను.

అచ్చంపేట మార్కెటు యార్డులో వేరుసెనగ బస్తాలు కొండలవలె పేరుకొను మాఘమాసమున, ఒకనాటి ఉదయము ఇద్దరు పిల్లలు గోనెపట్టాలో చుట్టి ఒక కూనను నా యింటికి తెచ్చిరి. దానికి నెల దినములుండవచ్చును. "సారూ, దీనికి కండ్లు లేవా?" అని బాలిక యడిగెను. కన్నులుండవలసిన చోట ఎండిన పుసి పెచ్చులు కట్టి యుండెను. ముక్కు కారుచుండెను. ఒడలు చల్లబడి యుండెను.

బాలుడు గోరుతో పెచ్చును పెకలింపబోగా నేను వారించితిని. కాని నేను చేయబోయిన పని అంతకంటె తెలివిగలది కాదు. నా కంటి శుక్లము తీసిన పిమ్మట వాడిన చుక్కల మందు అలమారలో మిగిలి యుండెను. మనిషి కంటికి మేలు చేసినది పిల్లి కంటికి కీడు చేయునా యని సీసా చేతికి తీసికొంటిని. ఇంతలో బాలిక పశువుల దవాఖానాకు పోదమని తొందరపెట్టుటచే, సీసాను జేబులో నుంచుకొని బయలుదేరితిమి.

వైద్యుడు పెచ్చులను గోరువెచ్చని నీటితో నానబెట్టి రెప్పలు విప్పెను. కంటిలో నారింజవన్నె రంగుచుక్క వేసి, నీలి దీపము పట్టి మాకును చూపెను. నల్లగ్రుడ్డుపై పొర చెడిన చోట ఆ రంగు అంటుకొని పచ్చగా మెరయునట. కుడికంట మెరపు లేదు. ఎడమకంట మాత్రము మెంతిగింజంత పచ్చని మచ్చ కనబడెను. అది పుండు. పిమ్మట నా సీసా చూచి, "సార్, ఇందులో స్టెరాయిడు కలదు. పుండున్న కంట దీనిని వేసినచో పుండు లోతై గ్రుడ్డే చిల్లిపడవచ్చును" అనెను. వైద్యుడు చూడని కంట మిగిలిన మందు వేయరాదని నేను అరువదియేండ్లు దాటిన పిమ్మట నేర్చుకొంటిని.

ఈ వ్యాధికి కారణములు ముఖ్యముగా మూడు. పిల్లులకు వచ్చు హెర్పిస్ వైరసు, కాలిసి వైరసు, క్లామిడియా అను సూక్ష్మజీవి. తల్లిపాల వలన కలిగిన రక్షణ కొన్ని వారములలో తగ్గిపోవును. ఆ సమయమున చలి, ఆకలి తోడైనచో కూన వీనికి చిక్కును. మొదటి రెంటికిని టీకాలు కలవు. వైద్యుడిచ్చిన లేపనము సూక్ష్మజీవులను అణచునేగాని వైరసును చంపలేదు. దానితో కూన శరీరమే పోరాడవలెను. ఆ పోరాటమునకు బలమిచ్చుటయే శుశ్రూష.

మొదట వెచ్చదనము. చల్లబడిన కూన కడుపులో ఆహారము జీర్ణము కాదు. అందుచే వేడినీటి సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన నుంచి, ఒడలు వెచ్చబడిన తరువాతనే తినిపించితిమి. అర లీటరు నీటిని కాచి, తలగొట్టిన చిన్న చెంచాడు ఉప్పు కలిపి చల్లార్చితిమి. అందు దూది ముంచి, పెచ్చుపై కొంతసేపు ఆనించి, మెత్తబడిన పిమ్మట ముక్కు వైపునుండి చెవి వైపునకు ఒక్కమారు తుడువవలెను. ఆ దూదిని పారవేయవలెను. ఒక కంటి దూది రెండవ కంటికి తగులరాదు. ఇది చెప్పుటకు సులభమే. గిలగిల కొట్టుకొను కూనను తువాలులో చుట్టి, దినమునకు నాలుగు మారులు చేయుటలోనే కష్టము తెలియును.

ముక్కు మూసుకొన్న పిల్లి వాసన తెలియక తినదు. ఉడికించిన కోడిమాంసమును ఉప్పు, ఉల్లి లేకుండ మెత్తగా నూరి, గోరువెచ్చగా పెట్టగా మూడవనాడు నాకినది. ఆవుపాలు పలు కూనలకు విరేచనములు కలిగించును గాన పోయలేదు. కిరాణా త్రాసులో మొదటినాడు 290 గ్రాములు తూగినది. ఆరోగ్యముగా పెరుగు కూన దినమునకు పది గ్రాములైన హెచ్చవలెను. నాలుగు దినములు త్రాసు ముల్లు కదలలేదు. అయిదవనాడు కదలినప్పుడు పిల్లలు కేకలు వేసిరి.

అచ్చంపేటకు సుమారు 130 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదులో, 1992లో శ్రీమతి అక్కినేని అమల గారు స్థాపించిన బ్లూ క్రాసు సంస్థ వారి జంతు శరణాలయము కలదు. పలు జంతువులు ఒక్కచోట నుండు ఇట్టి తావులలో ఒక్క తుమ్ము పదింటిని పడవేయగలదు. కాలిసి వైరసు ఎండిన నేలపై కొన్ని వారములు నిలువగలదు. కావున కొత్తగా వచ్చిన కూనను వేరుగా నుంచి, తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనుట అవసరము. మా యింటి వసారాయే మాకు శరణాలయము. మూల నున్న అట్టపెట్టె దాని వార్డు. ఒకనాడు బాలుని చేతికి గోరు తగిలెను. వెంటనే పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, రేబిస్ టీకాకై దవాఖానాకు తీసికొనిపోతిమి. వీధిజంతువు గోటినైనను తేలికగా చూడరాదు.

మూడు వారములకు కుడికన్ను నిర్మలమైనది. ఎడమకంట పుండు మానినది గాని తెల్లని మచ్చ నిలిచినది. ఆ వైపునుండి పోయిన ఎలుకను అది చూడలేదు. హెర్పిస్ వైరసు ఒకమారు చొచ్చినచో నరములలో జీవితాంతము దాగి యుండును. ఇప్పుడా పిల్లి బాలిక యింట నున్నది. శ్రావణపు ముసురులో తుమ్మును, ఎడమకన్ను నీరు కారును. అప్పుడు ఆ బాలిక పొయ్యిమీద నీళ్ళు పెట్టి, దూది వెదకికొనును.