భుజం నొప్పి ఎంతకీ తగ్గట్లేదా? నరం నొక్కుకుపోయిందేమో.. ఈ తేడాలు గమనించండి!

రేణిగుంట జంక్షన్‌లో లగేజీ మోసే ఎర్ర చొక్కా కూలీలకు భుజమే బతుకుతెరువు. అలా బరువులు మోసేవాళ్లకు భుజం నొప్పి మామూలే అనుకుంటాం. బామ్ రాసి, మాత్ర వేసుకుని సరిపెట్టుకుంటాం. కానీ నరం నొక్కుకుపోయి ఉంటే మాత్రం.. ఆలస్యం చేసేకొద్దీ చేతిలో బలం తగ్గిపోయే ప్రమాదం ఉంది.

నొప్పి భుజంలో.. సమస్య మెడలో!

చేతికి వెళ్లే నరాలు మెడలోని వెన్నుపూసల మధ్య నుంచి బయటికొచ్చి, కాలర్ ఎముక కిందుగా వేళ్ల దాకా వెళ్తాయి. మెడలో డిస్క్ జారినా, ఎముక పెరిగినా నరం నొక్కుకుంటుంది. నొప్పి మాత్రం భుజంలో తెలుస్తుంది. కొందరికి కాలర్ ఎముక, రెక్క ఎముక దగ్గర కూడా నరం ఒత్తుకుంటుంది.

ఎలా గుర్తుపట్టాలి?

* మెడ తిప్పితే నొప్పి కరెంట్ షాక్‌లా చేతిలోకి పాకడం
* వేళ్లలో తిమ్మిరి, చేతిలో వస్తువులు జారిపోవడం
* చేయి తలపై పెట్టుకుంటే నొప్పి తగ్గడం

భుజం కీలు బిగుసుకుపోతే పక్కవాళ్లు ఎత్తినా చేయి పైకి లేవదు. నరం దెబ్బతింటే పక్కవాళ్లు ఎత్తితే లేస్తుంది, సొంతంగా ఎత్తడమే కష్టం. కండర బంధం తెగినా ఇలాగే ఉంటుంది కాబట్టి డాక్టర్ పరీక్ష తప్పనిసరి.

ఏ టెస్టులు చేస్తారు?

ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది. నరంపై ఒత్తిడి తెలియాలంటే ఎంఆర్ఐ కావాలి. నరం ఎంత దెబ్బతిందో నర్వ్ కండక్షన్, ఈఎంజీ పరీక్షలు చెబుతాయి. ఈఎంజీలో మార్పులు కనిపించడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. తొందరపడి చేయిస్తే రిపోర్ట్ నార్మల్‌గా రావచ్చు.

ఆపరేషన్ తప్పదా?

చాలామందికి అవసరం ఉండదు. బరువులు మానేసి, మందులు, ఫిజియోథెరపీతో 6 నుంచి 12 వారాల్లో ఎక్కువమందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్ ఇస్తారు. బలహీనత పెరుగుతుంటే సర్జరీ గురించి ఆలోచిస్తారు. సెలూన్లలో మెడ విరిపించుకోవడం మాత్రం అస్సలు వద్దు.

రేణిగుంట నుంచి తిరుపతి 10 కిలోమీటర్లే. అక్కడ స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ఎముకలు, కీళ్ల సమస్యలకు టీటీడీ బర్డ్ ఆసుపత్రి ఉంది.

వీటిని లైట్ తీసుకోవద్దు

నడక తడబడినా, మూత్రంపై పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే గుండె సమస్య కావచ్చు. వెంటనే 108కి కాల్ చేయండి.

(గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్సకు డాక్టర్‌ను సంప్రదించండి.)