మరల త్రాగిన కుమారుడు: పంచాయతీ చేయదగిన సాయము

కృష్ణా డెల్టాలో ధాన్యము అమ్మి సొమ్ము చేతికి వచ్చు దినములలో కొన్ని ఇండ్లలో సంతోషమునకు మారు భయము కలుగును. విజయవాడలో చికిత్స పొంది, కొన్ని నెలలు త్రాగుడు మానిన కుమారుడు మరల మొదలిడునేమో యని తల్లిదండ్రుల దిగులు. మొదలిడినచో, పరువు పోయినదని వారు తలుపులు మూసికొందురు.

మద్యవ్యసనము దీర్ఘవ్యాధి, తిరుగబెట్టుట దాని స్వభావము. అది చికిత్స వృథా యైనదనుటకు గుర్తు కాదు, మరల వైద్యుని చూడవలెననుటకు గుర్తు.

తల్లిదండ్రులు కుమారునికి రొక్క మీయరాదు, అతని త్రాగుడు అప్పులు తీర్చరాదు. అన్నము పెట్టుట, పలకరించుట మానరాదు. చిరకాలము త్రాగినవానిని ఇంట బంధించి హఠాత్తుగా మాన్పించినచో మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. ఆసుపత్రిలోనే మాన్పించవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై పోరాడిరి. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలెను. చట్టము మారవచ్చును, ఇరుగుపొరుగుల తోడు మారరాదు.

కావున సభ్యులారా, అట్టి ఇంటి మాట రచ్చబండ కెక్కనీయకుడు. వ్యసన విముక్తికి సలహానిచ్చు ఉచిత టెలిఫోను 14446 సంఖ్యను తెలుపుడు. ఆసుపత్రికి తోడు వెళ్లుడు. తిరిగి వచ్చినవానికి పని చూపుడు. రెండవసారియైనను, మూడవసారియైనను, ఆ తల్లిదండ్రులను ఒంటరిగా విడువకుడు.