వణికే సంతకం, కోట్ల ఎకరం

దస్తావేజు రాసివ్వడానికి వచ్చిన మనిషి మైనరుగానో, మతిస్థిమితం లేనట్టుగానో కనబడితే రిజిస్ట్రేషన్ నిరాకరించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ అధికారిని ఆదేశిస్తుంది. ఒక పెద్దాయన తన ఆస్తిని తెలిసే రాసిస్తున్నాడా, పక్కనున్నవాళ్లు రాయిస్తున్నారా అని సంతకానికి ముందు చూడాల్సిన బాధ్యత చట్టప్రకారం దాదాపు ఈ ఒక్కచోటే ఉంది. మరి చూడడానికి దొరికే సమయమెంత? ఫొటో, వేలిముద్ర, ఆధార్, పేరేమిటి, డబ్బు ముట్టిందా అన్న రెండు మూడు ప్రశ్నలు. మతిమరుపు జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లలో చాలామంది ఇలాంటి పలకరింపులకు తడుముకోకుండా జవాబిస్తారు. తడబడేది లెక్కల దగ్గర, నిన్న ఎవరికి ఏం మాటిచ్చామన్న దగ్గర. ఇందులో ఆ అధికారిని తప్పుపట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయన డాక్టరు కాడు, ఇంటికెళ్లి చూసొచ్చే తీరిక ఉన్నవాడూ కాడు. ఆ పని కోసమే జిల్లాకొక పబ్లిక్ గార్డియన్ ఆఫీసు కావాలన్నది నా వాదన. అయితే ఆ ఆఫీసుకు ముందుగా ఉండాల్సింది పెత్తనం చేసే అధికారం కాదు, విచారించి లెక్క రాసే చెయ్యి.

ఈ అవసరం శంషాబాద్ చుట్టూ కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు. 2008 మార్చి 23న ఇక్కడ విమానాశ్రయం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు దాని కిందికే పోయాయి. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చింది. హైదరాబాద్ జంట జలాశయాల రక్షణ కోసం 1996లో 84 గ్రామాల మీద పెట్టిన 111 జీవో ఆంక్షలను 2022లో 69వ నంబరు జీవోతో ప్రభుత్వం సడలించే దారి పట్టేసరికి, అప్పటిదాకా అమ్ముడుపోని నేలకూ బేరాలు మొదలయ్యాయి. పాలమాకుల, నర్కూడ, పెద్ద గోల్కొండ లాంటి ఊళ్లలో ఒకప్పుడు జొన్నపంటకు మించి ఆశించని చెలక ఇప్పుడు కోట్ల మాట. ఆ చెలక పట్టా ఎవరి పేరున ఉంటుంది? ఎక్కువగా ఇంట్లో అందరికన్నా పెద్దవయసు మనిషి పేరునే. ఆస్తి విలువ గరిష్ఠానికి చేరే సమయానికి, దాని యజమాని ఆలోచనాశక్తి తగ్గే వయసులో ఉంటున్నాడు. దేశవ్యాప్త అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం, 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉంది. ఇది వృద్ధుల సంగతి మాత్రమే. రింగురోడ్డు మీద తలకు దెబ్బ తగిలి కోమాలోకి పోయిన నలభై ఏళ్ల మనిషి, పక్షవాతంతో మాట పడిపోయిన యాభై ఏళ్ల మనిషి ఈ లెక్కలోకి రారు.

ఇతర దేశాలు ఈ పనికి రెండు దారులు వేసుకున్నాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద 2007 నుంచి పబ్లిక్ గార్డియన్ కార్యాలయం నడుస్తోంది. పేరు చూసి ఆ ఆఫీసే అందరి డబ్బూ దగ్గర పెట్టుకుంటుందనుకుంటే పొరపాటు. డబ్బు చూసేది కోర్టు నియమించిన డెప్యూటీ, లేదా ఆ మనిషి బుద్ధి బాగున్న రోజుల్లోనే ఎంచిపెట్టుకున్న అటార్నీ. వాళ్లను లెక్క అడగడం, ఫిర్యాదు వస్తే విచారించి కోర్టు ముందు పెట్టడం ఈ ఆఫీసు పని. కాలిఫోర్నియా పద్ధతి వేరు. అక్కడ పబ్లిక్ గార్డియన్ కౌంటీ స్థాయిలో ఉంటారు. చూసుకునే దిక్కు లేనివాళ్ల ఆస్తిని కోర్టు ఆజ్ఞతో తామే స్వాధీనంలోకి తీసుకుంటారు, ఇంట్లో ఏముందో బ్యాంకులో ఏముందో జాబితా రాయిస్తారు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే శాంటా క్లారా కౌంటీలోనూ అలాంటి ఆఫీసు ఉంది. అంటే శంషాబాద్‌లో విమానమెక్కి అక్కడ దిగిన కొడుక్కి రేపు ఏమైనా అయితే పట్టించుకునే ఆఫీసు ఉంది, ఇక్కడ మిగిలిన తల్లికి లేదు.

నిజానికి మనకూ ఇలాంటి ఏర్పాటు ఒకటి ఉండేది, పోగొట్టుకున్నాం. నిజాం రాజ్యంలో 1350 ఫసలీ నాటి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం ఉండేది. పిల్లలు, వ్యవహారం చూసుకోలేని భూస్వాముల ఎస్టేట్లను దాని కింద సర్కారే నడిపేది. అది పెద్ద ఎస్టేట్ల కోసం పుట్టింది గనుక మామూలు రైతుకు ఒరిగిందేమీ లేదు. ఆ తర్వాత 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం కొంత మెరుగు. మానసిక జబ్బుతో ఆస్తి చూసుకోలేని మనిషి గురించి బంధువులు జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు, కొన్ని భూముల విషయంలో కలెక్టరే వెళ్లవచ్చు. కోర్టు విచారణ జరిపి మేనేజరును నియమించేది, ఆ మేనేజరు ఆస్తుల జాబితా, ఏటా లెక్కలు ఇవ్వాలి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి హక్కులను గట్టిగా నిలబెట్టింది. చికిత్స విషయంలో రోగి తరఫున మాట్లాడే ప్రతినిధిని ఇచ్చింది. కానీ పాత చట్టాన్ని రద్దు చేస్తూ అందులోని ఆస్తి అధ్యాయాన్నీ తుడిచేసింది, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమించగలదు, కానీ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే. అల్జీమర్స్ వచ్చిన తండ్రికి, కోమాలో ఉన్న భర్తకు ఆ తలుపు తెరుచుకోవడం కష్టం.

మన చట్టాల్లో ముందుచూపు ఉన్నవాడికి కూడా మార్గం లేదు. బుద్ధి బాగున్నప్పుడే నమ్మినవాళ్లకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిపెట్టుకుందామన్నా, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయిన క్షణంలో ఆ అధికారం చెల్లిపోతుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. అంటే అవసరం పడిన రోజునే కాగితం పనికిరాకుండా పోతుంది. కానీ మతి పోయిన తేదీని ఎవరూ ఎక్కడా నమోదు చేయరు కాబట్టి చెల్లని జీపీఏలతో పనులు సాగుతూనే ఉంటాయి. చిత్తశుద్ధి ఉన్న కూతురూ, మోసం చేసే మేనల్లుడూ వాడేది ఒకే కాగితం. వాళ్లిద్దరినీ వేరుచేసి చూపించగలిగే వ్యవస్థే లేదు.

ఈ ఖాళీలో కుటుంబాలు రాజ్యాంగంలోని 226వ అధికరణ పట్టుకుని హైకోర్టుల తలుపు తడుతున్నాయి. 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టు కోమాలో ఉన్నవారికి గార్డియన్‌ను నియమించే పద్ధతిని తానే రాసింది. మెడికల్ బోర్డు రోగిని పరీక్షించాలి. తహసీల్దారు స్థాయికి తగ్గని రెవెన్యూ అధికారి వెళ్లి ఆస్తిపాస్తులు, బంధువుల సంగతులు విచారించి నివేదిక ఇవ్వాలి. గార్డియన్ ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. చట్టం లేనిచోట న్యాయమూర్తులు మొదట వెతుక్కున్న మనిషి ఎవరో చూడండి. డాక్టరుతోపాటు ఒక విచారణాధికారి. ఆ పనికి ప్రత్యేకంగా ఎవరూ లేకపోవడంతో తహసీల్దారును అరువు తెచ్చుకున్నారు. నా వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ విచారణ మన దగ్గర ఎలా సాగాలో ఊహించడం కష్టమేమీ కాదు. కబురు సాధారణంగా ఆసుపత్రి నుంచో, బ్యాంకు మేనేజరు నుంచో, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నుంచో వస్తుంది. మొదట ఇంటికి పోవాలి, మనిషితో ఒంటరిగా మాట్లాడాలి. మందులు కొనివున్నాయా, కరెంటు బిల్లు కట్టారా, వంట జరుగుతోందా అన్నవి డాక్టరు సర్టిఫికెట్ చెప్పని సంగతులు చెబుతాయి. తర్వాత కాగితాలు. పట్టాదారు పాసుపుస్తకం, పాత పహాణీలు, 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో ఆ సర్వే నంబర్ల వివరం, ఇల్లూ ప్లాట్లకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు. ఈ ప్రాంతంలో అగ్రిమెంటుతో కలిపి రాసే జీపీఏలు, నోటరీ కాగితం మీద కొన్న ప్లాట్లు కొల్లలు. జీపీఏ అమ్మకంతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పినా అలవాటు చావలేదు, కాబట్టి రికార్డులో లేని ఆస్తి కోసం, రికార్డులో ఉన్నా చేజారిన ఆస్తి కోసం రెండువైపులా వెతకాలి. పిత్రార్జితమైతే చిక్కు ఇంకా ఎక్కువ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఆడపిల్లలకు వాటా ఉంది గనుక, ముసలాయన సంతకం పక్కన ఎవరెవరి సంతకాలున్నాయి, ఎవరివి లేవు అన్నది కూడా చూడాలి. ఇక బ్యాంకు. గడచిన రెండు మూడేళ్ల స్టేట్‌మెంట్లో ఏ నెల నుంచి తీరు మారింది, నామినీ పేరు ఎప్పుడు మారింది, బంగారం ఎప్పుడు తాకట్టుకు వెళ్లింది. పదేళ్లు కదలని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి మళ్లిపోతాయి, వాటి జాడ 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్లో వెతకవచ్చు. అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటుంది. ఖాతాకు కట్టిన ఫోన్ నంబరు ఎవరిది? ఓటీపీ ఎవరి చేతిలోకి వస్తే సంతకం వాళ్లదే.

కన్నబిడ్డలుండగా సర్కారుకేం పని అన్నది మొదట వచ్చే అభ్యంతరం. ఉమ్మడి కుటుంబాన్ని నమ్ముకున్న సమాజంలో అది తేలికగా తోసెయ్యాల్సిన మాట కాదు. చాలా ఇళ్లలో పిల్లలే చూసుకుంటున్నారు, బాగా చూసుకుంటున్నారు. కానీ అలాంటి పిల్లలకే ఈ వ్యవస్థ ఎక్కువ ఉపయోగం. తండ్రి వైద్యానికి తండ్రి డబ్బే తీయలేక హైకోర్టుకు పోవాల్సి వస్తున్నది వాళ్లే. అనుమానించే అన్నదమ్ములకు చూపించడానికి తటస్థుడు రాసిన లెక్క ఒకటి ఉంటే బతికిపోయేది కూడా వాళ్లే.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 నుంచి ఉంది కదా, ఇది చాలదా అని మరికొందరు అంటారు. ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షుడిగా ట్రిబ్యునల్ ఉంది, వకీలు ఫీజుల బాధ లేదు, 23వ సెక్షన్ కింద పోషిస్తామని రాయించుకుని పోషించనివారి దానపత్రాన్ని రద్దు చేయవచ్చు. 2022లో సుదేశ్ చికారా కేసులో పోషణ షరతు ఉన్నట్టు రుజువు కావాలని బిగించిన సుప్రీంకోర్టు, 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఈ చట్టాన్ని ఉదారంగా చదవాలని, ట్రిబ్యునల్ స్వాధీనం కూడా ఇప్పించగలదని చెప్పింది. మంచి చట్టమే. కానీ అది ఆస్తి పోయాక కదిలే చట్టం, ఆస్తి విషయంలో 60 నిండినవారికే వర్తించే చట్టం. అశక్తుల తరఫున ఒక సంస్థ అడగవచ్చని అందులో ఉంది. అయితే మోసం జరిగిందని ఆ సంస్థకు ఎలా తెలుస్తుంది? మనిషికే గుర్తులేనప్పుడు ఫిర్యాదు ఎవరు రాస్తారు? పైగా అమ్మకం సక్రమంగానే జరిగి, వచ్చిన సొమ్ము మాత్రం వేరొకరి ఖాతాలోకి పోయినచోట రద్దు చేయడానికి దానపత్రమే ఉండదు.

బరువైన అభ్యంతరం హక్కుల వైపు నుంచి వస్తుంది. భారత్ 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ, వైకల్యం ఉన్నవారి చట్టపరమైన హోదాను లాక్కోవద్దంటుంది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందుకే పరిమిత గార్డియన్‌షిప్ అంది. కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి, ఒక పనికి, ఒక కాలానికి మాత్రమే. గార్డియన్‌షిప్ ఎంత ఘోరంగా చెడగలదో అమెరికా చూపించింది. నెవాడాలో వృద్ధుల గార్డియన్‌గా ఉంటూ వాళ్లను దోచుకున్న ఒక వ్యక్తికి 2019లో కనీసం 16 ఏళ్ల జైలు పడింది. గాయని బ్రిట్నీ స్పియర్స్ 2008 నుంచి 2021 దాకా తన సంపాదన మీద తనకే హక్కు లేకుండా బతికింది. ఈ భయం న్యాయమైనది, అందుకే కాలిఫోర్నియా దారి కన్నా ఇంగ్లాండు దారి మనకు నయమంటున్నాను. కనిపెట్టేవాడి చేతికి డబ్బు అందకూడదు, డబ్బు పట్టుకునేవాడు కనిపెట్టేవాడికి లెక్క చెప్పాలి. విచారణలో ఆ మనిషికి ఏం తెలుసు, ఏం కావాలి అన్నది మొదటి పేజీలోనే రాయాలి. మతిమరుపు ఉన్నంత మాత్రాన మనవరాలికి గాజులివ్వాలన్న కోరిక చెల్లకుండా పోదు.

ఇక రెవెన్యూ శాఖ చేతికిస్తే కంచే చేను మేస్తుందన్న అనుమానం. ఈ ప్రాంత భూముల చరిత్ర తెలిసినవాళ్లకు ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, కొంత ఉంది. నివేదిక కోర్టుకు పోవాలి, కలెక్టరేట్‌లో ఆగకూడదు. అందులోని ఆస్తుల జాబితా ప్రతి వారసుడికీ అందాలి. ఏటా బయటి ఆడిటర్ తనిఖీ ఉండాలి. ఇంత చేసినా కొంత అవినీతి మిగలవచ్చు. కాకపోతే ఇప్పుడు నడుస్తున్నది అవినీతి లేని వ్యవస్థేమీ కాదు, అసలు రాసిపెట్టిన లెక్కే లేని వ్యవస్థ. ఖర్చు సంగతి పెద్ద సమస్య కాదు. కోట్ల ఆస్తి నుంచి రుసుము తీసుకోవచ్చు, పింఛను తప్ప ఏమీ లేనివాళ్లకు ప్రభుత్వం భరించాలి.

వీటిలో కొంత కొత్త చట్టం లేకుండానే మొదలుపెట్టవచ్చు. 2007 చట్టం 22వ సెక్షన్ వృద్ధుల ప్రాణానికీ ఆస్తికీ రక్షణ ప్రణాళిక రాయమని రాష్ట్రానికి చెబుతోంది. 8వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు సాక్షులను పిలిపించే, దస్తావేజులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలనిచ్చింది. శంషాబాద్ మండలం రాజేంద్రనగర్ ఆర్డీవో పరిధిలోకి వస్తుంది. ఆ ట్రిబ్యునల్‌కు శిక్షణ పొందిన విచారణాధికారులను ఇద్దరిని ఇచ్చి, సబ్ రిజిస్ట్రార్‌కు, తహసీల్దారుకు అనుమానం వచ్చిన సంతకాన్ని ఆపి వాళ్లకు పంపమని ఉత్తర్వు ఇవ్వడానికి అసెంబ్లీ సమావేశం అక్కర్లేదు. అరవై నిండని కోమా రోగి కుటుంబానికి మాత్రం ఇదేదీ వర్తించదు. 2017 చట్టం వదిలేసిన ఆస్తి అధ్యాయాన్ని పార్లమెంటు తిరిగి రాసేదాకా వాళ్లు హైకోర్టుకు వెళ్లాల్సిందే.